కర్ర దగ్గర కదలని జెండా

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే ఫ్లెక్సీ షాపుల్లో ఒక ఆర్డరు తప్పకుండా పడుతుంది. ‘‘జెండా ఊగుతూ ఉండాలి తమ్ముడూ, పక్కన మన ఫొటో పడాలి. వాట్సాప్ స్టేటస్‌కి.’’ నిలువెత్తు బ్యానర్లు గంటలో దించేసే కుర్రాడికి ఈ ఊగే పని మాత్రం కొరుకుడు పడదు. నెట్‌లో దొరికిన ఏదో ఒక జెండా బొమ్మ తెచ్చి అతికిస్తాడు. అంచుల చుట్టూ తెల్లటి పంటిగాట్లు ఉంటాయి. చక్రంలో ఆకులు కలిసిపోయి నీలి మరక మిగులుతుంది. ఊగి ఊగి సెకనుకోసారి ఉలిక్కిపడినట్టు ఒక కుదుపు. అయినా ఎవరూ ఏమీ అనరు. ఊగుతోంది కదా!

ఫొటోషాప్, జింప్ లాంటి బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్లతో జెండాను రెపరెపలాడించడం పాతికేళ్లు దాటిన విద్య. ఒకప్పుడు కోచింగ్ సెంటర్లలో లేయర్లు, ఫ్రేములు నేర్పడానికి ఇదే మంచి అభ్యాసం. పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. ఏది దేనికి పనికొస్తుంది, ఎక్కడ తేడా కొడుతుంది అన్నది మాత్రం ఒకచోట కూర్చి చెప్పినవారు తక్కువ. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. ఈ బొమ్మలు చెడేది సాఫ్ట్‌వేర్ వల్ల కాదు, నిజం జెండా కేసి చూడకపోవడం వల్ల.

కాబట్టి ముందు గుడ్డ సంగతి. బడి ఆవరణలోనో, తహసీల్దారు ఆఫీసు మీదో గాలికి ఆడుతున్న జెండాను కాసేపు గమనించండి. కర్రకు కట్టిన అంచు దాదాపు కదలదు. అల అక్కడ చిన్నగా పుట్టి, బయటి అంచు వైపు పరుగెత్తుతూ పెద్దదవుతుంది. చివరి అంచు కొరడాలా విదిలిస్తుంది. అల ఎప్పుడూ కర్ర నుంచి బయటికే పోతుంది, వెనక్కి రాదు. గాలి మందంగా ఉంటే గుడ్డ బరువుకు ముడతలు నిట్టనిలువుగా ఉండవు, ఏటవాలుగా ఒరుగుతాయి. ఇంకొక సంగతి మనకు తోచదు. గుడ్డ నిజానికి పైకీ కిందికీ ఊగడం లేదు, మన వైపుకీ అవతలికీ ఊగుతోంది. బొమ్మకు ఆ లోతు లేదు కనుక మనం దాన్ని పైకీ కిందికీ జరపడంగా మార్చి కన్ను కప్పుతాం. ఈ చిన్న మోసం మీదే మొత్తం విద్య నిలబడి ఉంది.

జెండా ఎందుకు రెపరెపలాడుతుందన్న ప్రశ్న భౌతికశాస్త్రంలోనూ తేలికది కాదు. బ్రిటన్‌లో లార్డ్ రేలీ 1879లోనే దీని లెక్క మొదలుపెట్టాడు. 2000 సంవత్సరంలో న్యూయార్క్ పరిశోధకులు పారే సబ్బునీటి పొరలో ఒక దారాన్ని వేలాడదీసి, దాన్నే ఒంటి పోగు జెండాగా భావించి పరీక్షించారు. ఒకే ప్రవాహంలో ఆ దారం ఒక్కోసారి తిన్నగా నిలిచింది, ఒక్కోసారి కొట్టుకుంది. అంటే గాలి ఉన్నంత మాత్రాన జెండా ఎగరాలని లేదు. పొడవు, బరువు, వేగం కలిసి రావాలి. మన పనికి ఇంత లోతు అక్కర్లేదు గానీ, కర్ర దగ్గర సున్నా, చివర పెద్దది, దిశ బయటికి అన్న మూడు ముక్కలు మాత్రం గట్టిగా పట్టుకోవాలి. కింద చెప్పే పద్ధతులన్నిటినీ వీటితోనే తూచాను.

అందరూ మొదట పట్టుకునేది తయారుగా ఉన్న ఫిల్టరునే. ఫొటోషాప్‌లో ‘వేవ్’ అని ఒకటి ఉంది. అల పొడవు, ఎత్తు అన్నీ అడుగుతుంది. కానీ ఆ అలను ఇంత ముందుకు జరుపు అని చెప్పే మీట అందులో లేదు. ర్యాండమైజ్ నొక్కితే ఇంకో అల వస్తుంది, దానికీ ముందు ఫ్రేముకూ పొంతన ఉండదు. పది ఫ్రేములు చేసి ఆడిస్తే జెండా ఎగరదు, జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. జింప్‌లోని ‘రిపుల్’ ఈ విషయంలో నయం. దానికి ఫేజ్ షిఫ్ట్ ఉంది, అలను అంతంత చొప్పున జరుపుకుంటూ పోవచ్చు. అదే జింప్‌లో యానిమేషన్ ఫిల్టర్ల వరసలో ‘వేవ్స్’ కూడా ఉంది గానీ, అది చెరువులో రాయి వేసినప్పుడు లేచే గుండ్రటి అల. జెండాకు వాడితే మువ్వన్నెలూ నీళ్లలో తేలుతున్నట్టుంటాయి. ఈ ఫిల్టర్లన్నిటికీ ఉమ్మడి జబ్బు ఒకటే, కర్ర ఎటువైపు ఉందో వాటికి తెలియదు. బొమ్మ మొత్తాన్ని ఒకే తీరున ఊపుతాయి. కర్ర పక్కన గుడ్డ పైకీ కిందికీ జారుతుంటే, జెండా కట్టినట్టుండదు, కర్ర వెనకాల ఎవరో అటూఇటూ లాగుతున్నట్టుంటుంది.

రెండోది ఓపికమంతుల దారి. జెండాను నిలువు చీలికలుగా కోసి, ఒక్కో చీలికనూ కాస్త పైకీ కిందికీ జరుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము చేతితో కట్టడం. చిన్న బొమ్మలకు ఇది ఇప్పటికీ చక్కగా కుదురుతుంది. కర్ర దగ్గరి చీలికను కదపకపోతే సరి. సైజు పెరిగితే చీలికల మెట్లు కనబడతాయి. వార్ప్‌తో గుడ్డను చేత్తో వంచడమూ ఇలాంటిదే. ఒక్క ఫ్రేము అద్భుతంగా వస్తుంది, పది ఫ్రేములు ఒకదానికొకటి కలవవు. కదలని పోస్టరుకైతే వార్ప్‌ను మించింది లేదు.

మూడోది డిస్‌ప్లేస్ ఫిల్టరు. బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటూ జెండాను నమ్మేలా ఊపగలిగే దారి, నా మట్టుకు, ఇదొక్కటే. దీని సూత్రం తెలుపు నలుపుల పటం. పటంలో సరిగ్గా మధ్య బూడిద రంగు, అంటే 0 నుంచి 255 దాకా ఉండే మెట్లలో 128, ఉన్నచోట బొమ్మ కదలదు. అంతకన్నా తెల్లగా ఉంటే ఒకవైపు, నల్లగా ఉంటే ఇంకోవైపు జరుగుతుంది. ఫొటోషాప్‌లో స్కేలు 100 పెడితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు జరుగుతుంది. పదహారు పిక్సెళ్ల అల చాలనుకుంటే 12 పెడితే సరిపోతుంది. పటాన్ని ఆర్‌జీబీలోనే ఉంచుకోవాలి. ఎరుపు చానెల్ అడ్డంగానూ ఆకుపచ్చ చానెల్ నిలువుగానూ జరుపుతాయి. మనకు కావలసింది నిలువు కదలిక కనుక అడ్డం స్కేలు సున్నా చేయడం మేలు. గ్రేస్కేల్‌లోకి మారిస్తే ప్రొఫైల్ తేడాల వల్ల ఆ 128 కాస్తా ఇంకేదో అయిపోయి, జెండా మొత్తం ఓ పక్కకు జరిగి కూర్చుంటుంది. ఎందుకు జరిగిందో అర్థంకాక నేనొకసారి సాయంత్రమంతా తల పట్టుకున్నాను.

లెక్క ఇలా పెట్టుకోవచ్చు. కాన్వాసు 600×400 పిక్సెళ్లు, అందులో జెండా 480×320. చుట్టూ ఖాళీ తప్పనిసరి. ఖాళీ లేకుండా, ఫిల్టరులో ‘రాప్ అరౌండ్’ ఎంచుకుంటే పైఅంచు దాటిపోయిన కాషాయం కింద ఆకుపచ్చ దిగువన మళ్లీ పొడుచుకొస్తుంది. అది చూడటానికి నవ్వు తెప్పించినా జాతీయ జెండా విషయంలో నవ్వులాట కాదు, ఆ మాట చివర్లో. పటంలో తెలుపు నుంచి నలుపుకూ మళ్లీ తెలుపుకూ మెల్లగా మారే నిలువు పట్టీలు వేయాలి. ఒక అల పొడవు 200 పిక్సెళ్లు. 600లో సరిగ్గా మూడు అలలు పడతాయి కనుక ఆఫ్‌సెట్ ఫిల్టరుతో పటాన్ని పక్కకు జరిపినప్పుడు కుట్టు కనబడదు. కావాలంటే పట్టీలను కాస్త ఏటవాలుగా వంచండి, గుడ్డకు బరువు వస్తుంది. తిప్పకూడదు, షియర్ చేయాలి. తిప్పితే అల పొడవు మారి కుట్టు బయటపడుతుంది.

ఇప్పుడు అసలు కీలకం. ఆ పట్టీల మీద 128 బూడిద రంగు లేయరు ఒకటి కప్పాలి. దానికి ఒక మాస్కు పెట్టి, కర్ర దగ్గర పూర్తిగా కప్పేలా, బయటి అంచుకు పోయేకొద్దీ పలచబడి మాయమయ్యేలా గ్రేడియెంట్ గీయాలి. ఇక అల ఎంత పరుగెత్తినా కర్ర దగ్గర గుడ్డ కదలదు, చివర మాత్రం విదిలిస్తుంది. ఫ్రేముకోసారి కింది పట్టీలను 20 పిక్సెళ్లు బయటి వైపుకు జరపాలి, పై బూడిద లేయరును ముట్టుకోకూడదు. పది ఫ్రేముల్లో ఒక అల పొడవు పూర్తవుతుంది. ఎడమ కర్ర అయితే కుడికి జరపాలి. తారుమారైతే జెండా గాలిని మింగుతున్నట్టు కనిపిస్తుంది. నెట్‌లో ఇలాంటివి కోకొల్లలు, ఎందుకో బాగాలేదనిపించి చూపు తిప్పేస్తాం తప్ప కారణం తట్టదు.

ఫొటోషాప్‌లో ఒక చికాకు ఉంది. ప్రతి పటాన్నీ విడిగా పీఎస్‌డీ ఫైలుగా దాచాలి. పది ఫ్రేములకు పది ఫైళ్లు. యాక్షన్ రికార్డు చేసుకుంటే తిప్పలు సగం తగ్గుతాయి. జింప్‌లో ఆ గొడవ లేదు, పటం లేయరుగా అక్కడే ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కన్నా ఊరికే వచ్చేది హాయిగా ఉండే తావుల్లో ఇదొకటి. జింప్‌ను 1990ల మధ్యలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. తెలుగునాట దాన్ని నేర్చుకున్నవారు ఇప్పటికీ తక్కువే, డీటీపీ రంగమంతా ఫొటోషాప్, కోరల్‌డ్రా మీదే పెరిగింది.

వంపు ఒక్కటే ఉంటే జెండా ఇంకా కాగితమే. వెలుగునీడలు పడితేనే గుడ్డ. ఇక్కడ దాదాపు అందరూ చేసే పని, వంచడానికి వాడిన పటాన్నే నీడగా మీద వేయడం. అల శిఖరం మీద వెలుగు, లోయలో చీకటి వస్తాయి. చూడటానికి రేకుల షెడ్డు పైకప్పులా ఉంటుంది. పక్కనుంచి వెలుగు పడే గుడ్డ మీద వెలుతురు శిఖరాన ఉండదు, వాలులో ఉంటుంది. ఒక వాలు వెలుగుతుంది, అవతలి వాలు మసకబారుతుంది. అందుకని నీడ పటాన్ని అల పొడవులో నాలుగో వంతు, మన లెక్కలో 50 పిక్సెళ్లు, పక్కకు జరిపి వేయాలి. ఇంత చిన్న మార్పుతో రేకు గుడ్డయిపోవడం చూసి తీరాలి.

మువ్వన్నెల జెండాకు ఇంకో తిరకాసు ఉంది. నీడ వేయడానికి అందరికీ అలవాటైన ‘ఓవర్‌లే’ గానీ ‘సాఫ్ట్ లైట్’ గానీ స్వచ్ఛమైన తెలుపును మార్చలేవు. వాటి గణితమే అంత. కాషాయం మీద, ఆకుపచ్చ మీద ముడతలు చక్కగా పడి, మధ్య తెల్ల పట్టీ మాత్రం ఇస్త్రీ చేసినట్టు చదునుగా మిగిలిపోతుంది. మూడు ముక్కల గుడ్డలు మూడు రకాల గాలికి ఎగురుతున్నట్టు! నీడను ‘మల్టిప్లై’లో వేయాలి, లేదా ‘హార్డ్ లైట్’లో తక్కువ ఒపాసిటీతో. కన్ను ముడతను పసిగట్టేది తెలుపు మీదే కనుక, ముందు తెల్ల పట్టీ చూసుకుని తర్వాత మిగతా రంగుల సంగతి చూడటం నా అలవాటు. ముడత ఉంటే చాలు, ఎగురుతోందని కన్ను నమ్మేస్తుంది. చంద్రుడి మీద గాలి లేదు కనుక 1969లో అపోలో 11 జెండాను పైన అడ్డకర్ర పెట్టి నిలబెట్టారు. గుడ్డలో మిగిలిన ముడతలు చూసి, గాలి వీస్తోందని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

కుదుపు సంగతి చెప్పాలి. పది ఫ్రేముల చక్రంలో పదకొండోది మొదటిదానికి సమానం. చాలామంది ముగింపు మొదలుకు కలవాలి కదా అని మొదటి ఫ్రేమునే చివర ఇంకోసారి చేరుస్తారు. ఒకే బొమ్మ రెండుసార్లు నిలిచి, ఆ క్షణంలో జెండా తడబడుతుంది. ఒక ఫ్రేము తీసేస్తే కుదుపు పోతుంది. మరీ యాంత్రికంగా ఉందనిపిస్తే చిన్న అల ఇంకొకటి కలపవచ్చు. ఆ రెండో అల కూడా అదే వ్యవధిలో పూర్తి సంఖ్యలో చుట్లు తిరగాలి, ఒకటిన్నర చుట్టు తిరిగితే మళ్లీ కుదుపే.

ఇక జెండా మధ్యనున్న చక్రం దగ్గర ఓపిక కావాలి. జెండా నియమావళి కొలతల ప్రకారం 900×600 మిల్లీమీటర్ల జెండాకు చక్రం వ్యాసం 185 మిల్లీమీటర్లు, ఎత్తులో మూడో వంతుకు కాస్త తక్కువ. మన 320 పిక్సెళ్ల జెండాకు అది సుమారు 99 పిక్సెళ్లు. చుట్టుకొలతను 24 ఆకులకు పంచితే ఒక్కోదానికి 13 పిక్సెళ్లు వస్తాయి, బాగానే ఉంది. అదే 90×60 పిక్సెళ్ల బుల్లి జెండాలో ఆకుకీ సందుకీ కలిపి రెండున్నర పిక్సెళ్లు కూడా రావు. అక్కడ ఆకులు విడివిడిగా కనబడటం అసాధ్యం. ఒక ఆకు గీసి 15 డిగ్రీల చొప్పున తిప్పుతూ పెద్ద సైజులో చక్రం చేసి, జెండాను మూడు నాలుగు రెట్లు పెద్దగా వంచి, చివర్లో కుదించాలి. చిన్న బొమ్మను వంచితే ఆకులు విరుగుతాయి.

చక్రం మనకు చేసిన ఒక మేలు ఉంది. పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీజీకి ఇచ్చిన జెండాకు చేరిన గుర్తు రాట్నం. రాట్నానికి కుడి ఎడమలు ఉంటాయి, జెండా అవతలి వైపు నుంచి చూస్తే అది తిరగబడుతుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ ఈ ఇబ్బందినే ప్రస్తావించాడు. చక్రం ఎటు నుంచి చూసినా ఒకటే. కాబట్టి కర్ర కుడివైపు కావాలంటే మొత్తం యానిమేషన్‌ను అద్దంలోలా తిప్పేయవచ్చు, తప్పేమీ రాదు.

ఇక ఏ రూపంలో దాచాలి? కంప్యూసర్వ్ కంపెనీలో స్టీవ్ విల్‌హైట్ బృందం 1987లో జిఫ్‌ను తెచ్చింది. 1989 నాటి సవరణతో ఫ్రేముల మధ్య వ్యవధి, పారదర్శకత వచ్చాయి. ఆగకుండా తిరగడం 1990ల మధ్యలో నెట్‌స్కేప్ బ్రౌజరు చేర్చిన సౌకర్యం. జిఫా, గిఫా అని వాదులాడుకునేవారికి విల్‌హైట్ తీర్పు ‘జిఫ్’ అనే. దీనిలో ఒక్కో ఫ్రేముకు 256 రంగులే. ఫొటోలకు ఇది శాపం గానీ, మన జెండాకు వరం. మూడు రంగులు, ఒక నీలం, ఒక్కోదానికి అరవై ఛాయలు దొరుకుతాయి, వెలుగునీడలకు అవి చాలు. అందువల్ల డిథరింగ్ ఆపేయండి. అది పెడితే ఇసుక చల్లినట్టు చుక్కలు ఫ్రేముఫ్రేముకూ మెరుస్తాయి, ఫైలూ లావెక్కుతుంది. జిఫ్‌లో పిక్సెలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, సగం పారదర్శకం అన్నది లేదు. మొదట చెప్పిన తెల్లటి పంటిగాట్లు అందుకే. వెనకాల ఏ రంగు ఉంటుందో తెలిస్తే ఆ రంగునే ‘మ్యాట్’గా ఇవ్వాలి. తెలియకపోతే జిఫ్ వదిలేసి ఏపీఎన్‌జీనో వెబ్‌పీనో పట్టుకోవాలి, వాటి అంచులు నున్నగా వస్తాయి.

వ్యవధి సెకనులో వందో వంతుల్లో రాస్తారు. పది ఫ్రేములకు ఒక్కోదానికి 10 పెడితే సెకనుకు ఒక అల. నున్నగా కావాలంటే 20 ఫ్రేములు చేసి 5 పెట్టండి. సున్నా, ఒకటి పెడితే వేగంగా పోతుందనుకోవడం భ్రమ. బ్రౌజర్లు మామూలుగా అంత చిన్న అంకెను పట్టించుకోకుండా 10గా తీసుకుంటాయి. వాట్సాప్‌లో జిఫ్‌గా పంపింది అసలు వీడియోగా మారిపోయి వెళుతుంది, పారదర్శకత అక్కడితో సరి. స్టిక్కరుగా కావాలంటే వెబ్‌పీలో 512×512 పిక్సెళ్లు, 500 కిలోబైట్లలోపు ఉండాలి.

ఇంత శ్రమ ఎందుకు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ‘వేవ్ వార్ప్’ వేస్తే పోలా అంటారు. నిజమే. అందులో ‘పిన్నింగ్’ అని ఒక మీట ఉంది, ఎడమ అంచు అని చెబితే కర్ర దగ్గర కదలకుండా అదే చూసుకుంటుంది. మనం బూడిద లేయరుతో పడ్డ పాటు అక్కడ ఒక్క నొక్కు. బ్లెండర్‌లో అయితే నిజంగానే గుడ్డను, గాలిని లెక్కగట్టిస్తారు. కర్ర వైపు బిందువులను పిన్ చేసి గాలి పెడితే, మనకు ఊహకు రాని మడతలు కూడా పడతాయి. సినిమాకో పెద్ద ఎల్‌ఈడీ తెరకో అదే దారి. కానీ ఆ గుడ్డ మొదలుకు తిరిగి రాదు, కుదుపు లేని చక్రం కట్టడం అక్కడ ఇంకో తలనొప్పి. అరచేతిలో ఫోను మీద రెండంగుళాల జెండాకు ఆ గుర్రం అక్కర్లేదు. మాట చెబితే వీడియో అల్లే కృత్రిమ మేధ పరికరాలూ వచ్చాయి. గాలి, వెలుతురు వాటికి బాగానే వచ్చు. వాడేవారు మాత్రం ప్రతిసారీ ఫ్రేము ఆపి ఆకులు లెక్కపెట్టుకోవాలి.

ఆఖరికి, ఫొటో సంగతి. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం 1971లో వచ్చింది. అందులో జాతీయ జెండా అంటే గుడ్డ జెండా ఒక్కటే కాదు, బొమ్మ, ఫొటో, ఏ రూపంలో కనబడినా జెండాయే. జెండా మీద రాతలు రాయడం, కావాలని కాషాయాన్ని కిందికి పెట్టి చూపడం అవమానం కిందికే వస్తాయని ఆ చట్టమే చెబుతోంది. చిరిగిన, నలిగిన జెండాను ప్రదర్శించకూడదన్నది జెండా నియమావళి మాట. పాతబడిన గుడ్డలా కనిపించాలని చిరుగుల టెక్స్చరు వేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. తెల్ల పట్టీ ఖాళీగా కనబడగానే అక్కడ పేరు, హోదా, శుభాకాంక్షలు ఇరికించాలని మన కుర్రాళ్ల వేళ్లు ఉబలాటపడతాయి. ఆర్డరు ఇచ్చినాయన పక్కన అనే అన్నాడు. కాన్వాసును 600 నుంచి 900కి వెడల్పు చేసి, ఆ 300 పిక్సెళ్లలో ఆయనను నిలబెట్టి, జెండా బయటి అంచుకూ ఆయన భుజానికీ మధ్య కాస్త జాగా వదలండి. చివర విదిలించే అల అక్కడిదాకా వస్తుంది.